3 కిలోల కెమెరా, లెన్స్ కదలకుండా నిలవడానికి ఎలాంటి ట్రైపాడ్, హెడ్ తీసుకోవాలి?

నేను ఎక్కువగా నీటి పక్షులను, అప్పుడప్పుడు తెల్లవారుజాము దృశ్యాలను ఫొటోలు తీస్తుంటాను. కెమెరా, 150–600 మిల్లీమీటర్ల లెన్స్ కలిపి సుమారు 3 కిలోలుంటాయి. నా దగ్గరున్న అల్యూమినియం ట్రైపాడ్ 5 కిలోలు మోస్తుందని పెట్టెపై రాసి ఉన్నా, బాల్ హెడ్ (గోళంపై ఎటైనా తిరుగుతూ కెమెరాను పట్టి ఉంచే ట్రైపాడ్ పై భాగం) మర బిగించి చేయి తీయగానే లెన్స్ మూతి వెంట్రుకవాసి కిందికి జారుతుంది. 600 దగ్గర ఆ కాస్త జారుడుకే కొంగ తల ఫ్రేము దాటిపోతోంది. మధ్య కడ్డీ పైకి లేపితే ఇక చెప్పనక్కర్లేదు. షట్టర్ వేగం సెకనులో 15వ వంతుకు దిగితే, 2 సెకన్ల టైమర్ పెట్టినా అంచులు రెండుగా కనిపిస్తున్నాయి. హెడ్‌కు అమర్చే ప్లేటును లెన్స్ కాలర్‌కే (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకే) బిగిస్తున్నాను కాబట్టి పొరపాటు అక్కడ లేదనుకుంటాను.

మధ్య కడ్డీ లేకుండా, పై గొట్టం 32 మిల్లీమీటర్లుండే కార్బన్ ఫైబర్ కాళ్లు తీసుకోవాలనుకుంటున్నాను. కాలికి 3 భాగాలుంటే చివరి గొట్టం మరీ సన్నబడదు గానీ, మడిచినప్పుడు పొడవుగా ఉంటుంది. 4 భాగాలవి వాడుతున్నవారికి గాలిలో వణుకు తేడా నిజంగా తెలుస్తోందా? బురదనీటిలో దిగాక తిప్పి బిగించే తాళాలు శుభ్రం చేయడం తేలికా, మీట తాళాలా?

హెడ్ విషయంలోనే అసలు సందిగ్ధం. గింబల్ హెడ్‌పై (బరువైన లెన్స్‌ను ఊయలలా మోసే హెడ్) లెన్స్ బరువు సమతూకంలో ఉంటుంది కనుక జారదు, కానీ కాలర్ లేని చిన్న లెన్స్‌తో కెమెరాను నిలువుగా తిప్పడం అందులో అంత తేలిక కాదు. ఆర్కా-స్విస్ తరహా (త్వరగా తీసి పెట్టగల) ప్లేట్లతో రెండు హెడ్‌లూ మార్చుకుంటూ వాడటం మేలా, లేక 50 మిల్లీమీటర్ల పైబడిన గోళం ఉన్న ఒక్క బాల్ హెడ్‌తోనే ఈ బరువును నెట్టుకురావచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.