ఎత్తు 150 సెం.మీ., రోడ్ బైక్ ఏ సైజు? ట్రై బైకే కొనాలా?

భీమిలి_గాలి
అందరికీ నమస్తే. నా ఎత్తు 150, ఇన్‌సీమ్ (కాలి లోపలి పొడవు) 68 సెం.మీ. ఇప్పటిదాకా హైబ్రిడ్ మీద వైజాగ్ బీచ్ రోడ్డులో తొక్కుతున్నాను. గోవా 70.3 ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు) చేయాలని కోరిక, అంటే 90 కి.మీ. సైకిల్ మీదే. బడ్జెట్ లక్షన్నర, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. షాపులో ఎక్స్ఎస్ ఎక్కించి "సీటు దించితే సరిపోతుంది మేడమ్" అన్నారు. నిజమేనా? రోడ్ బైక్‌కి ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకి వంగి పట్టుకునేవి) బిగిస్తే చాలా, ట్రయాథ్లాన్‌కని చేసిన ట్రై బైకే కావాలా? వైజాగ్‌లో ఎవరి దగ్గరైనా చిన్న ఫ్రేమ్ ఉంటే ఒకసారి ఎక్కి చూడనిస్తారా?

చైన్‌కి_నూనె
సీటు దించితే కాళ్ళకి సరిపోతుంది, మరి చేతులకో? ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు. నా ఎత్తు 152. నాకూ అదే మాట చెప్పి అంటగట్టారు. హుడ్స్ (బ్రేక్ లివర్ల మీది రబ్బర్ పట్టు) అందక బార్ పైన పట్టుకునే తొక్కేదాన్ని, బ్రేక్ వేయాలంటే చెయ్యి మార్చాలి. మెడా భుజాలూ ఒకటే నొప్పి. మళ్ళీ వెళ్తే సీటు ముందుకి తోసి, 100 మి.మీ. స్టెమ్ (బార్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) తీసి 60 పెట్టారు. అప్పట్నుంచి మోకాళ్ళ నొప్పి అదనం. అమ్మేసి 44 సైజు తీసుకున్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఎస్, ఎక్స్ఎస్ అనే స్టిక్కర్లు నమ్మకండి. రీచ్, స్టాక్ (పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందు భాగం ఎంత దూరం, ఎంత ఎత్తు) అంకెలు అడగండి.

వాట్_మీటర్
అంకెలు అడిగినా మోసపోవచ్చు. చిన్న ఫ్రేముల్లో టాప్ ట్యూబ్ (పై గొట్టం) పొట్టిగా కనిపించాలని సీట్ ట్యూబ్‌ని (సీటు కింది గొట్టం) 75, 76 డిగ్రీలకి నిలబెడతారు. సీటు ముందుకొచ్చింది కాబట్టి కాగితం మీద దూరం తగ్గింది. సీటు మీ చోటికి వెనక్కి జరిపారా, బార్ మళ్ళీ దూరమే. ఒక్కో డిగ్రీకి దాదాపు ఒక సెంటీమీటర్ తేడా. రీచ్ కూడా స్టాక్ సమానమైనప్పుడే పోల్చాలి. బార్ కింద స్పేసర్లు (రింగులు) పెట్టి దాన్ని 3 సెం.మీ. లేపితే అది దాదాపు 1 సెం.మీ. వెనక్కి వస్తుంది. ఫిట్టింగ్ కోర్సు చేసినవాణ్ణి, ఊరికే చెప్పట్లేదు.
మీ సీటు ఎత్తు 68 × 0.883, అంటే బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ తిరిగే ఇరుసు) మధ్య నుంచి 60 సెం.మీ. అక్కడ మొదలుపెట్టి కొంచెం అటూ ఇటూ చూసుకోండి. 170 మి.మీ. క్రాంక్ (పెడల్‌ని మోసే చెయ్యి) వస్తే మాత్రం వెంటనే మార్పించండి. మీకు 160 చాలు.

ఘాట్_గిరి
క్రాంక్ తగ్గితే లివరేజ్ పోతుంది. 160 వేసుకుని సింహాచలం ఘాట్ ఎక్కి చూపించమనండి. మేమంతా 170 మీదే ఎక్కాం, ఎవరూ చావలేదు.

వాట్_మీటర్
అన్నా, పొగచార్ 176 సెం.మీ. మనిషి. 2024 టూర్ డి ఫ్రాన్స్ 165 క్రాంకుల మీద గెలిచాడు. 2001లోనే పరిశోధకుడు జిమ్ మార్టిన్ 120 నుంచి 220 మి.మీ. దాకా క్రాంకులు పెట్టి పరీక్షించాడు. 145కీ 195కీ మధ్య గరిష్ఠ పవర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. లివరేజ్ కావాలంటే వెనక 11-34 క్యాసెట్ (వెనక చక్రం పళ్ళ చక్రాల గుత్తి) వేసుకుంటే వస్తుంది.

ఘాట్_గిరి
పొగచార్ వెనక మెకానిక్‌లు కారులో వస్తారు. మనకి 160 క్రాంక్ ఎవరు తెచ్చిస్తారు? ఈ అమ్మాయి బడ్జెట్ సగం దానికే పోతుంది.

వాట్_మీటర్
సగమా? షిమానో 105 అనే 12 స్పీడ్ గేర్ సెట్‌లో 160 క్రాంక్ ఉంది. బైక్ కొనేటప్పుడే మార్చి ఇమ్మని బేరమాడితే చాలా షాపులు తేడా డబ్బులతో సర్దుతాయి.

చైన్‌కి_నూనె
గిరి గారూ, అడగొచ్చో లేదో, మీ ఎత్తెంత?

ఘాట్_గిరి
178. దానికీ దీనికీ ఏం సంబంధం?

చైన్‌కి_నూనె
కందకు లేని దురద కత్తిపీటకెందుకని. పొట్టి క్రాంకులు వాడే మాకు లివరేజ్ బాధ లేదు, మీకెందుకండీ? ఏరో బార్ల మీద పడుకున్నప్పుడు పొడవు క్రాంక్ ఉంటే మోకాలు పొట్టని పొడుస్తుంది. ఆ 90 కి.మీ. అయ్యాక 21 పరిగెత్తాలి. అప్పుడు తెలుస్తుంది.

డాలస్_బాబాయ్
మా అమ్మాయి మీ ఎత్తే. ఇక్కడ 650సి (మామూలు 700సి కన్నా చిన్న) చక్రాల పాత ట్రై బైకులు చవగ్గా దొరుకుతాయి. చక్రం చిన్నది కాబట్టి చిన్న ఫ్రేమ్‌కి అన్నీ పొందిగ్గా కుదురుతాయి, బూటు ముందు చక్రానికి తగలదు. సంక్రాంతికి వస్తున్నా, కావాలంటే పెట్టెలో పెట్టి తెస్తా.

గల్లీ_స్పానర్
బాబాయ్ గారూ, మంచి మనసే గానీ తేకండి. 650సి టైరు కోసం ఆ అమ్మాయి ఎక్కడికి పోవాలి? పేరు దగ్గరగా ఉందని ఎవరో ఒకరు 650బి అమ్మేస్తారు. సి రిమ్ వ్యాసం 571 మి.మీ., బి రిమ్ 584. బి టైరు సి రిమ్‌కి పెడితే వదులుగా జారిపోతుంది. 700సి అంటే 622, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. రేసు ముందురోజు టైరు చీలితే డాలస్ నుంచి పంపుతారా?

డాలస్_బాబాయ్
సరే, 700సి కొని బూటు తగిలి పడమనండి.

ఎదురుగాలి
తగిలితే ఏమవుతుంది? స్పీడులో హ్యాండిల్ అంత తిప్పం. నా బైక్‌కి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. ఊరికే భయపెడతారు.

రాణి_బ్రేక్
స్పీడులో పడతారని ఎవరన్నారు? మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర యూ టర్న్‌లో, నడిచేంత వేగంలో బూటు చక్రానికి తగిలి పడ్డాను. క్లీట్ (బూటుని పెడల్‌కి బిగించే ముక్క) ఊడలేదు, మణికట్టు విరిగింది. వాచ్‌మన్ వచ్చి లేపాడు. మీ నంబర్ ఇవ్వండి, ఎక్స్‌రే పంపుతా.

ఎదురుగాలి
క్లీట్ తీయడం రాకపోతే ఫ్రేమ్ తప్పా?

రాణి_బ్రేక్
మీరు 44 సైజు బైక్ మీద కూర్చున్నారా జన్మలో?

వాట్_మీటర్
చిన్న ఫ్రేముల్లో హెడ్ యాంగిల్‌ని (ముందు ఫోర్క్ వాలు) 70, 71 డిగ్రీలకి పడుకోబెట్టేది చక్రాన్ని బూటుకి దూరం చేయడానికే. స్టీరింగ్ కొంచెం మందంగా ఉంటుంది, అలవాటైపోతుంది. క్లీట్ వెనక్కి జరిపితే బూటు ముందుకొచ్చి ఇంకా తగులుతుంది, అది గుర్తుంచుకోండి. 170 తీసి 160 క్రాంక్ వేస్తే బూటు ఒక సెంటీమీటర్ వెనక్కి పోతుంది.

ఘాట్_గిరి
మళ్ళీ క్రాంకేనా!

అడ్మిన్
క్రాంకుల మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. నంబర్లు, ఎక్స్‌రేలు ఇక్కడ వద్దు.

భీమిలి_గాలి
చాలా తెలిసింది, థాంక్స్. ట్రై బైక్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎదురుగాలి
పొట్టివాళ్ళకి ట్రై బైక్ దండగ.

రాణి_బ్రేక్
ఎమ్మా పూలీ 157 సెం.మీ. 2008 బీజింగ్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో (అక్కడా ఇలాంటి ఏరో బైకే) రజతం, 2010లో ప్రపంచ ఛాంపియన్. ఆవిడకి చెప్పండి దండగని.
భీమిలి గారూ, మొదటి రేసుకి రోడ్ బైకే తీసుకోండి. సరిపోయే ఫ్రేమ్ అయితేనే ఏరో బార్లు పెట్టండి, ఇప్పటికే సాగి పట్టుకుంటున్న ఫ్రేమ్‌కి పెడితే ఇంకా సాగాలి. సీటు కాస్త ముందుకీ పైకీ పోవాలి, అది ప్రాక్టీసులోనే చూసుకోండి. ఇంకోటి, బీచ్ రోడ్డులో సముద్రం నుంచి పక్కగాలి ఎలా తోస్తుందో మీకు తెలుసు. మన బరువుకి ముందు చక్రానికి 50 మి.మీ. లోతు డీప్ రిమ్ వద్దు, ఎవరు ఉచితంగా ఇచ్చినా.

చైన్‌కి_నూనె
బ్రేక్ లివర్ ఎవరూ ఎత్తలేదేం? హుడ్ రబ్బర్ కొంచెం లేపితే చాలా మోడళ్ళలో చిన్న స్క్రూ ఉంటుంది. అలెన్ కీతో తిప్పితే లివర్ వేళ్ళకి దగ్గరవుతుంది. షాపువాళ్ళు ముట్టుకోరు. తిప్పాక బ్రేక్ పట్టు మాత్రం ఒకసారి చూపించుకోండి. బార్ వెడల్పు 36 గానీ 38 సెం.మీ. గానీ అడగండి, 42 ఇస్తే వద్దనండి.

వాట్_మీటర్
2026 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రోడ్ రేసుల్లో బార్ బయటి అంచుల మధ్య కనీసం 40 సెం.మీ. ఉండాలి, జాగ్రత్త.

చైన్‌కి_నూనె
ఆ రూల్ మీద చిన్న భుజాల రైడర్లు ఎంత మొత్తుకున్నారో చదివాను. మనం చేసేది గోవా బాబూ, టూర్ కాదు.

ఘాట్_గిరి
సీటు సంగతి చెప్పండి ఆవిడకి. లేడీస్ సీటంటూ జెల్ ముద్ద అమ్ముతారు, గంట దాటితే నరకం అని మా ఆవిడ అంటుంది. కూర్చునే ఎముకల వెడల్పు కొలిపించి, మధ్యలో ఖాళీ ఉన్నది తీసుకోమనండి.

చైన్‌కి_నూనె
ఇదొక్కటీ నిజం చెప్పారు గిరి గారూ.

భీమిలి_గాలి
అనకాపల్లి నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. 44 సైజు, రీచ్ 36 సెం.మీ., క్రాంక్ 165. ఆదివారం వెళ్ళి ఎక్కి చూస్తా. టేపు, అలెన్ కీలు, బూట్లు పట్టుకెళ్తున్నా.

ఘాట్_గిరి
165 అయితే ఒప్పుకుంటా. కొన్నాక సింహాచలం రండి.

గల్లీ_స్పానర్
కొనేముందు ఫ్రేమ్‌కి పగుళ్ళున్నాయేమో చూడండి, ముఖ్యంగా బాటమ్ బ్రాకెట్ దగ్గరా, ఫోర్క్ పైనా. అవునూ, మీ హైబ్రిడ్ అమ్ముతారా? మా చెల్లి 155.