అప్‌డేట్: రెనాయిస్‌లో ప్లగిన్ స్వరం ఆగని సమస్య తీరింది

రెనాయిస్ అనే ట్రాకర్‌లో (స్వరాలను లైన్లు, కాలమ్‌లలో రాసే సంగీత సాఫ్ట్‌వేర్) ఫ్లూట్ ప్లగిన్ (ఫ్లూట్ ధ్వని ఇచ్చే అదనపు ప్రోగ్రామ్) స్వరం తర్వాతి స్వరం వచ్చేదాకా మోగుతూనే ఉందని ఇంతకుముందు అడిగాను కదా, అది తీరింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఆఫ్ (స్వరాన్ని ఆపే గుర్తు) పెట్టమన్న సలహానే. క్యాప్స్ లాక్ నొక్కితే ఆఫ్ పడుతుంది. కానీ అది ఆ స్వరం ఉన్న నోట్ కాలమ్‌లోనే ఉండాలి, పక్క కాలమ్‌లో పెడితే ఆగదు. లైను మధ్యలో ఆపాలంటే డిలే కాలమ్ (లైనులో ఎంత ఆలస్యంగా పడాలో చెప్పేది) తెరిచి, ఆఫ్ పక్కన 80 వేయండి. లైనుకు 256 భాగాలు. హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) 80 అంటే 128, సరిగ్గా సగం. గమకం తర్వాతి చిన్న విరామం ఇప్పుడు కోరుకున్న చోటే పడుతోంది, చాలా ఆనందంగా ఉంది.

అయినా కొంచెం తోక మిగిలింది. ద్వారకానగర్‌లో రికార్డింగ్ చేసే ఒక అన్న విని, అది ట్రాకర్‌ది కాదు, ప్లగిన్ లోపలి రిలీజ్ (స్వరం ఆపాక ధ్వని తగ్గడానికి పట్టే సమయం) అన్నారు. తగ్గించగానే పోయింది.

ఆడియో బఫర్‌కు (ధ్వనిని ముందుగా కాస్త నిల్వ ఉంచే సెట్టింగ్) దీనితో సంబంధం లేదు. ఎన్‌ఎన్‌ఏ సెట్టింగ్ (కొత్త స్వరం వచ్చినప్పుడు పాత స్వరాన్ని ఏం చేయాలో చెప్పేది) శాంపిళ్లకే, అంటే రికార్డు చేసిన ధ్వనులకే, ప్లగిన్‌లకు కాదు.