సూది వేసేటప్పుడు పిల్లల కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టవచ్చా?

పిల్లల వార్డు నర్సు:
రక్తం తీసేటప్పుడు, కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టేటప్పుడు పిల్లలకు వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్ళకు తగిలించుకుంటే చుట్టూ మరో లోకం ఉన్నట్లు చూపించే పరికరం, ఇవ్వాలన్న ప్రతిపాదన మా విభాగంలో చర్చకు వచ్చింది. నేను దీన్ని సమర్థిస్తున్నాను. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల నుంచే కాలిన గాయాల రోగుల మీద ఈ పద్ధతిని పరీక్షిస్తూ వచ్చారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు రోగి 'స్నోవరల్డ్' అనే మంచులోకంలో తిరుగుతూ మంచు ఉండలు విసురుతుంటాడు. నొప్పి తెలియడానికి కూడా మనసు దాని మీద ఉండాలి కనుక, ధ్యాస మరోచోట చిక్కుకుంటే నొప్పి తగ్గినట్లు అనిపిస్తుందన్నది ఇందులోని సూత్రం. నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని సూది వేయడం కంటే ఇది ఎంతో మేలు కాదా?

ఒక తల్లి:
పట్టుకుని వేయడం కంటే మేలేనని ఒప్పుకుంటాను, కానీ మా అమ్మాయికి జరిగింది వినండి. ఏం చేయబోతున్నారో ఒక్క మాటైనా చెప్పకుండా హెడ్‌సెట్ తగిలించారు. అది చేపలను చూస్తూ నవ్వుతుండగా, మోచేతి పైన రబ్బరు పట్టీ ఒక్కసారిగా బిగిసింది. ఎవరు పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో కనిపించక ఉలిక్కిపడి హెడ్‌సెట్ లాగి పారేసింది. ఆ తర్వాత జ్వరం చూడడానికి వచ్చినవారిని కూడా దగ్గరకు రానివ్వలేదు. కొందరు పిల్లలకు సూదిని చూస్తేనే ధైర్యం. వారి కళ్ళు కప్పి, ఆ కాస్త పట్టు కూడా లాగేసుకోవడం న్యాయమా?

మత్తు వైద్యుడు:
ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకటిగా చూస్తున్నామని నా అభిప్రాయం. దక్షిణ కొరియాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, 4 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు శస్త్రచికిత్సకు ముందే హెడ్‌సెట్‌లో ఆపరేషన్ థియేటర్‌ను చూపించారు. వారికి తెలిసిన పెంగ్విన్ బొమ్మ ఒకటి వెంట ఉండి, అక్కడ జరిగేదంతా వివరించింది. మామూలుగా మాటలతో చెప్పించుకున్న పిల్లల కంటే వీరిలో ఆందోళన తక్కువగా కనిపించింది. ఇది దాచడం కాదు, ముందుగా చూపించడం. ధ్యాస మళ్ళించడం గురించి మాత్రం ఆచితూచి మాట్లాడాలి. పిల్లల నొప్పిపై వీఆర్ ప్రభావం గురించి వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 17 అధ్యయనాలను, 1008 మంది పిల్లలను పరిశీలించి, ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తేల్చింది. ఎవరికి హెడ్‌సెట్ పెట్టారో పిల్లలకూ సిబ్బందికీ తెలిసిపోతుంది కాబట్టి ఇలాంటి పరీక్షల్లో పక్షపాతాన్ని తొలగించడం కష్టం. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమును గంట ముందు రాస్తే చర్మం మొద్దుబారుతుందన్నది బాగా రుజువైన సంగతి. హెడ్‌సెట్ వచ్చింది కదా అని క్రీము మానేస్తే పిల్లలకు నష్టమే. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి, వాంతులు అవుతున్నవారికి హెడ్‌సెట్ పెట్టకపోవడమే క్షేమం.

పిల్లల వార్డు నర్సు:
డాక్టరు గారూ, క్రీముకు గంట ఆగే వీలు లేని సందర్భాలు అత్యవసర విభాగంలో మాకు తరచుగా ఎదురవుతాయి. కాలిన గాయాల పిల్లలైతే అదే డ్రెస్సింగ్‌ను పదే పదే భరించాలి. ఏం జరుగుతుందో వారికి తెలుసు, తెలిసినకొద్దీ భయం పెరుగుతుంది. వారికి ఊరట కావాలి. అందుకే హెడ్‌సెట్‌ను వదులుకోలేను. అయితే ఈ అమ్మ చెప్పిన మాట ప్రతిపాదనలో చేరాలి: ముందు బొమ్మ మీద చేసి చూపాలి, చేయి తాకే ముందు ప్రతిసారీ చెప్పాలి, రెండో చేయి తల్లి చేతిలోనే ఉండాలి.

ఒక తల్లి:
సంతోషం అండీ. ఇంకొక్కటి కూడా రాయించండి: పాప హెడ్‌సెట్ తీసేస్తే, ప్రాణాపాయం లేనంతవరకు సూది అక్కడికక్కడే ఆగాలి. పని ఒత్తిడిలో ఆ ఆగడమే ముందు ఎగిరిపోతుంది కాబట్టి, ఆపమని చెప్పే అధికారం ఆ గదిలో ఎవరిదో పేరు పెట్టి రాయాలి. అంతవరకు నేను దీనికి ఒప్పుకోలేను.