వేరే సంస్కృతుల పండుగలు: ఆట గుర్తుంటోంది, పండుగ గుర్తుండట్లేదు

నేను మూడో తరగతి టీచర్‌ని. పీరియడ్ 40 నిమిషాలు. డిసెంబర్ కోసం యూదుల హనుక్కా, స్వీడన్‌లో 13న జరిపే లూసియా దినం, ఇరాన్ వాళ్ల యల్దా రాత్రి తీసుకున్నాను.

ముందు మ్యాప్‌లో దేశాలు చూపించి వీడియో వేశాను. పది నిమిషాలకే ఆవలింతలు. తర్వాత లూసియా దినాన తలమీద పెట్టుకునే కొవ్వొత్తుల కిరీటాలు కాగితంతో చేయించాను. అందంగానే వచ్చాయి కానీ, తలమీద పెట్టుకున్న పాప "ఇది వాళ్ల క్రిస్మసా టీచర్?" అంది. హనుక్కా బొంగరం డ్రైడెల్ ఆడించాను. దాని నాలుగు వైపులా హీబ్రూ అక్షరాలుంటాయి. గిమెల్ అక్షరం పడితే మధ్యలో ఉన్న గుండీలన్నీ మనవే, షిన్ పడితే ఒకటి పెట్టాలి. క్లాసంతా హుషారు! మర్నాడు అడిగితే గుండీలెవరు గెలిచారో చెప్పారు, ఎనిమిది రాత్రులు దీపాలు ఎందుకు వెలిగిస్తారో ఒక్కరూ చెప్పలేదు.

తల్లిదండ్రుల్ని పిలవడం కుదరదు, ఈ పండుగలు చేసుకునే కుటుంబాలు మా క్లాసులో లేవు. క్లాసులో నిజం కొవ్వొత్తులు వెలిగించనివ్వరు. పూజలు, ప్రార్థనలు చేయించను, అది నా పని కాదు.

ఇక మిగిలింది యల్దా. ఏడాదిలో అతి పొడవైన రాత్రి, దానిమ్మ పళ్లు తింటూ, పర్షియన్ కవి హాఫిజ్ కవితలు చదువుకుంటూ మేలుకుని ఉంటారు. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ రాత్రి ఎందుకు మేలుకుంటారో మర్నాటికీ గుర్తుండేలా, ఒక్క పీరియడ్‌లో మీరైతే ఏం చేయిస్తారు?