ఊరు వెలివేసినప్పుడు ముందు ఎఫ్‌ఐఆరా, ముందు పీస్ కమిటీయా?

గోదారిగట్టు:
శాంతి, సామాజిక న్యాయం కోసం పనిచేసే స్థానిక వేదికల్లో ఎప్పటికీ తెగని తగువు ఇది. ఊరు దళితపేటను వెలివేసింది. కొట్లో సరుకు ఇవ్వరు, పాలు పోయరు, కూలికి పిలవరు, కౌలు పొలం వెనక్కి ఇచ్చేయమంటారు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయంలో మొదలైన గొడవ చివరికి వెలివేత దాకా పోయింది. ఇలాంటి చోట ఆర్డీవో, డీఎస్పీ పీస్ కమిటీ (రెండు వర్గాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే కమిటీ) వేస్తామంటే వేదికవాళ్లు ముందు దానికే వెళ్లాలని నా వాదన. కేసు పడిందంటే ఊరంతా ఒక్కటవుతుంది. నాట్లు పోతే మళ్లీ కోతల దాకా కూలి లేదు. కోర్టు సంగతంటారా, దళితులను ఊచకోత కోసిన చుండూరు మారణకాండ 1991 ఆగస్టు 6న జరిగితే ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అన్నేళ్లు ఏం తిని బతకాలి?

నల్లకోటు:
చుండూరునే తీసుకుందాం. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారంటే బాధితులు రాజీకి లొంగకపోబట్టే కదా. 21 మందికి యావజ్జీవం పడింది ఆ కోర్టులోనే. అప్పీలులో పోయిందని మొదటి మెట్టే ఎక్కొద్దంటే ఎలా?

వెలివేతను ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి (అట్రాసిటీ చట్టం) 2015లో చేసిన సవరణ విడిగా నేరం చేసింది. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌సీ), 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఇది పెద్దమనుషులు రాజీ చేసుకోదగ్గ నేరం కాదు. స్టాంపు పేపరు మీద ఎన్ని సంతకాలు పెట్టించినా దానికి చట్టంలో విలువ లేదు. సుప్రీంకోర్టు 2021లో రామావతార్ కేసులో రాజీ మీద కేసు కొట్టేయడానికి ఇచ్చిన వెసులుబాటు, ప్రధానంగా సివిల్ తగాదా అయి కులం కారణంగా జరగని గొడవలకు. వెలివేత ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

మీటింగు ముందు పెడితే పోయేది సాక్ష్యం. గుడి మైకులో చెప్పినమాట విన్నవాళ్లు వారం తిరిగేసరికి "మాకేం తెలీదు" అంటారు. వాట్సాప్ గ్రూపులో "వాళ్లతో మాట్లాడితే జరిమానా" అని పెట్టిన మెసేజ్ తీసేస్తారు. ఆ తర్వాత ఫిర్యాదు ఇస్తే డిఫెన్సు లాయరు మొదటి ప్రశ్న: ఇన్నాళ్లు ఎందుకు ఆగారు, ఎవరు నేర్పారు?

ఫిర్యాదులో చాలామంది వదిలేసేవి చెప్తాను. బాధితుల కులం, నిందితుల కులం పేర్లతో సహా రాయాలి. ఏ తేదీన, ఎవరు, ఏది ఇవ్వనన్నారో విడివిడిగా రాయాలి. "ఊరంతా వెలివేసింది" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరిమీదా నిలవదు. కులం పేరుతో తిట్టుంటే అది పదిమందికి కనబడే చోట జరిగిందని రాయాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగినదానికి కులదూషణ సెక్షన్ వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో తేలిపోయింది. ఎఫ్‌ఐఆర్ ఎస్సై కట్టొచ్చు, దర్యాప్తు మాత్రం డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు (అట్రాసిటీ చట్టం రూల్స్‌లో రూల్ 7). ఎస్సై దర్యాప్తు చేసిన కేసులు ఈ ఒక్క లోపంతో కొట్టుకుపోయాయి. "ముందు విచారించి చూస్తాం" అంటే అదే చట్టం సెక్షన్ 18ఎ చూపించండి, ఎఫ్‌ఐఆర్‌కి ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అయినా కట్టకపోతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపి, ఆపైన మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. హెల్ప్‌లైన్ 14566కి కూడా చెప్పండి, నమోదు నంబరు ఇస్తారు.

పొలంగట్టు:
కొట్టు దగ్గర వీడియో తీసేటప్పుడు జాగ్రత్త. డబ్బులు గల్లాపెట్టె మీద పెట్టి, ఫలానా సరుకు ఫలానా అంత కావాలని అడగాలి, జవాబు రానివ్వాలి. వాదించకూడదు. మనం గట్టిగా మాట్లాడితే అదే వీడియో రేపు మనమీదే కౌంటరు కేసుకి పనికొస్తుంది. అసలు ఫైలు తీసిన ఫోనులోనే ఉంచాలి. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి, హాష్ విలువతో (ఫైలు మార్చలేదని చూపే డిజిటల్ గుర్తు).

తిండి సంగతి ఇద్దరూ సరిగా పట్టించుకోలేదు. వెలివేతకు పరిహారం లక్ష రూపాయలు, అదీ ఛార్జిషీటు కోర్టుకు పంపాకే. ఛార్జిషీటుకి గడువు 60 రోజులు. ఎఫ్‌ఐఆర్ రోజున పైసా రాదు. ఆ రెండు నెలలే ప్రాణం తీసేవి. రూల్ 12(4) ప్రకారం ఏడు రోజుల్లో నగదుగానో వస్తువుగానో సాయం అందాలి. "ఆదుకోండి" అని ఊరికే అర్జీ పెడితే ఆ కాగితం బీరువాలోనే ఉంటుంది. ఇంటింటికీ రాసి ఇవ్వండి: మనుషులెందరు, నెలకు బియ్యం ఎన్ని కిలోలు, పాలు తాగే పిల్లలెందరు, బీపీ, షుగరు మాత్రలు ఎవరికి, పశువులెన్ని, గడ్డి ఎంత. కలెక్టరేట్‌లో అక్నాలెడ్జిమెంటు ముద్ర వేయించుకోవాలి. ఉపాధి పని అడిగినట్టు తేదీతో రసీదు కూడా తీసుకోండి.

గోదారిగట్టు:
ఇవన్నీ సరే. కౌంటరు కేసు పడుతుంది, తహసీల్దారు బీఎన్ఎస్ఎస్ 126 కింద రెండు వర్గాలనూ బైండోవర్ చేస్తాడు. కొట్టినవాడూ దెబ్బతిన్నవాడూ ఒకే వరసలో నిలబడి పూచీకత్తు రాయాలి. సాక్షులు జారిపోయేది అక్కడే. మాటామాటా కలిపే మనిషి ఊళ్లో లేకపోతే ఏ సెక్షనూ ఆదుకోదు.

నల్లకోటు:
మీటింగు వద్దని నేను అనలేదు, ఎఫ్‌ఐఆర్ నంబరు చేతికొచ్చాకే అంటున్నాను. పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో జరగాలి, గుడి అరుగు మీదా పెద్దకాపు ఇంట్లోనూ కాదు. మినిట్స్ తహసీల్దారు రాయాలి. కొట్టు, నీళ్లు, కూలి, కౌలు, ఇంతే ఎజెండా. కేసు ఉపసంహరణ మాటెత్తితే లేచి వచ్చేయాలి. సాక్షులను అసలు తీసుకెళ్లకూడదు. వాళ్లు కోర్టుకు వచ్చేరోజు బస్సు ఛార్జీ, కనీస కూలి రూల్ 11 ఇస్తుంది, అడగాలి. బెయిలు పిటిషన్ పడితే బాధితులకు నోటీసు రావాలి, వాళ్ల మాట వినాలి (అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఎ). నోటీసు లేకుండా బెయిలిస్తే హైకోర్టులో సవాలు చేయండి.

పొలంగట్టు:
కౌలు దగ్గర మాత్రం గోదారిగట్టు గారిదే పైచేయి. నోటి కౌలుకు కాగితం లేదు. 2019 ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు 11 నెలలకు వస్తుంది కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఏ కలెక్టరూ బలవంతాన పెట్టించలేడు. ఎఫ్‌ఐఆర్ సోమవారం కడితే, కౌలు మీద మీటింగు ఆ వారంలోనే, నారు తీయకముందే జరగాలి.