జస్టిస్ లీగ్ ముగ్గురు, అవెంజర్స్ ముగ్గురు: కామిక్స్‌లో ఎవరిది గట్టి బంధం?

రాత్రిబండి:

సినిమాలన్నీ తెలుగు డబ్బింగ్‌లో చూసి, ఆ ఇష్టంతో ఈమధ్యే అసలు కామిక్స్ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక డౌట్ పట్టుకుంది. జస్టిస్ లీగ్‌లో ఎంతమంది ఉన్నా కథ చివరికి సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్ దగ్గరికే వస్తుంది. అవెంజర్స్‌లో అయితే కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్, థోర్. ఎవరు ఎవర్ని కొడతారనే లెక్క నాకొద్దు, దానికి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. నేను అడిగేది ఏంటంటే, ఈ ముగ్గుర్నీ ఒకచోట పెడితే కథకి కొత్తగా ఏం వస్తోంది, అందులోంచి ఒకర్ని తీసేస్తే మిగతా ఇద్దరూ ఏమైపోతారు? నాకైతే మార్వెల్ ముగ్గురే (అవెంజర్స్ వాళ్ళు) బాగా కుదిరారనిపిస్తోంది, వాళ్ళు ఒకే టీంలో పనిచేస్తూ, గొడవలు పడుతూ దగ్గరయ్యారు. డీసీ వాళ్ళు (జస్టిస్ లీగ్ ముగ్గురు) ఎవరికి వాళ్ళే పెద్ద స్టార్లు, కవర్ మీద బాగుంటుందని పక్కపక్కన నిలబెట్టినట్టు కనిపిస్తారు. రెండు వైపులా బాగా చదివినవాళ్ళు చెప్పండి.

పాతపేజీలు:

కవర్ కోసం నిలబెట్టారన్నారు కదా, తమాషా ఏంటంటే మొదట్లో కవర్ మీద కూడా నిలబెట్టలేదు. 1960లో జస్టిస్ లీగ్ మొదటిసారి వచ్చిన బ్రేవ్ అండ్ ది బోల్డ్ 28వ సంచిక కవర్ చూడండి, స్టారో అనే రాకాసి నక్షత్రచేపతో ఐదుగురు పోరాడుతుంటారు, వాళ్ళలో వండర్ ఉమన్ ఉంది, సూపర్‌మ్యాన్ లేడు, బ్యాట్‌మ్యాన్ లేడు. ఆ ఇద్దరి పుస్తకాలు చూసుకునే ఎడిటర్లకి తమ హీరోల్ని వేరే పుస్తకంలో ఎక్కువగా వాడటం ఇష్టం లేకపోయింది. కాబట్టి ఈ ముగ్గురూ ఒక త్రయం అనే ఆలోచన లీగ్‌తో పాటు పుట్టింది కాదు. సూపర్‌మ్యాన్ 1938, బ్యాట్‌మ్యాన్ 1939, వండర్ ఉమన్ 1941. వేర్వేరు చేతుల్లో పుట్టి, దశాబ్దాల తర్వాత నెమ్మదిగా దగ్గరైన మనుషులు.

కానీ దగ్గరయ్యాక వచ్చిన కథలు చదవండి. 1985లో అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన సూపర్‌మ్యాన్ యాన్యువల్ 11 ఉంది. సూపర్‌మ్యాన్ పుట్టినరోజని బ్యాట్‌మ్యాన్, రాబిన్, వండర్ ఉమన్ గిఫ్టులు పట్టుకుని ఆర్కిటిక్ మంచులో ఉన్న అతని కోటకి వెళ్తారు. అక్కడ అతను గుండె మీద ఒక మొక్క అల్లుకుపోయి, కళ్ళు తెరుచుకునే కొయ్యబొమ్మలా నిలబడి ఉంటాడు. ఆ మొక్క మనిషి మనసులో ఉన్న పెద్ద కోరికని తీరిపోయినట్టు కలలో చూపిస్తుంది, అతని కలలో తను పుట్టిన గ్రహం క్రిప్టాన్ పేలిపోలేదు, పెళ్ళాం పిల్లలతో అక్కడే బతుకుతున్నాడు. ఆ మొక్కని పంపిన మాంగుల్ అనే విలన్ అక్కడే ఉంటే, బ్యాట్‌మ్యాన్ మొక్కని పీకేవరకూ వాడికి ఎదురు నిలిచి దెబ్బలు తిన్నది వండర్ ఉమన్. ఆ పేజీలు చదివాక ఆమె పోస్టర్ కోసం ఉందని ఎవరూ అనలేరు.

అంతా అయ్యాక గిఫ్టులు విప్పే సీన్ ఉంది చూడండి, నాకు ప్రాణం. వండర్ ఉమన్ ఇచ్చింది సీసాలో ఉన్న కాండోర్ అనే క్రిప్టాన్ నగరం నమూనా. సూపర్‌మ్యాన్ అలాంటిది ముందే తయారు చేసుకున్నాడు, ఆమె చూడకుండా మెరుపు వేగంతో తనదాన్ని దాచేసి, ఆమె ఇచ్చింది చూసి మురిసిపోతాడు. స్నేహితురాలు చిన్నబుచ్చుకోకూడదని. ప్రపంచంలోకెల్లా బలమైనవాడు తన వేగాన్ని దానికోసం వాడాడు. ఇలాంటి చిన్న విషయం అవెంజర్స్ ముగ్గురి మధ్య నాకు ఎక్కడా దొరకలేదు.

కృష్ణకెనాల్:

పాతపేజీలు గారూ, ఆ కథ గొప్పదే, దానితో నాకు పేచీ లేదు. కానీ ప్రశ్నలో రెండో ముక్క ఉంది కదా, ఒకర్ని తీసేస్తే ఏమవుతుంది అని. దానికి మార్వెల్ దగ్గర అచ్చంగా ఒక జవాబు ఉంది, 2006లో వచ్చిన సివిల్ వార్.

ముందు ఒక చిన్న విషయం. 1963 అవెంజర్స్ మొదటి సంచికలో కెప్టెన్ లేనే లేడు. థోర్, ఐరన్ మ్యాన్, హల్క్, యాంట్ మ్యాన్, వాస్ప్. హల్క్ రెండో సంచికకే వెళ్ళిపోయాడు, కెప్టెన్ నాలుగో సంచికలో మంచులోంచి బయటపడ్డాడు. అంటే ఈ ముగ్గురూ కూడా ప్లాన్ వేసి పెట్టిన జట్టు కాదు. పైగా ఆ రోజుల్లో ఐరన్ మ్యాన్ అంటే టోనీ స్టార్క్ దగ్గర పనిచేసే బాడీగార్డ్ అని టీంలో వాళ్ళే నమ్మేవారు, తమతో కలిసి పోరాడుతున్నవాడే స్టార్క్ అని కెప్టెన్‌కి తెలియదు. ఆ దాపరికం టోనీ స్వభావంలోనే ఉంది, నలభై ఏళ్ళ తర్వాత సివిల్ వార్‌లో అదే బయటికొచ్చింది.

ఆ కథ జరిగే టైంకి థోర్ లేడు, 2004లో రాగ్నరాక్‌లో, అంటే ఆస్గార్డ్ దేవుళ్ళ అంతంలో, పోయాడు. హీరోలందరూ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని చట్టం వస్తే టోనీ ఒప్పుకున్నాడు, స్టీవ్ (కెప్టెన్ అమెరికా) ఒప్పుకోలేదు. ఇద్దరికీ చెప్పగల పెద్దమనిషి మధ్యలో లేడు. టోనీ వాళ్ళేం చేశారంటే, థోర్ వెంట్రుక ఒకటి ఉంటే దాన్నుంచి ఒక నకిలీ థోర్‌ని తయారు చేశారు, అది బిల్ ఫోస్టర్ అనే సాటి హీరోని చంపేసింది. మూడోవాడి ఖాళీని యంత్రంతో నింపాలని చూస్తే జరిగింది అది. చివరికి స్టీవ్ లొంగిపోయాడు, 2007లో కెప్టెన్ అమెరికా 25వ సంచికలో కోర్టు మెట్ల మీద కాల్చేశారు.

తర్వాత అసలు థోర్ తిరిగొచ్చాడు. 2007 థోర్ సిరీస్ మూడో సంచిక, తుఫాను ముంచేసిన న్యూ ఆర్లీన్స్. నువ్వు కూడా పేరు నమోదు చేసుకో అని టోనీ అక్కడికి వచ్చి అడుగుతాడు. నా అనుమతి లేకుండా నా శరీరంలో ముక్క తీసి అవమానించావు, నీ స్నేహితుల్నే వేటాడావు అని థోర్ అడిగి, ఆ సూట్‌ని పిడుగుతో పనికిరాకుండా చేస్తాడు. నేను చదివిన కామిక్స్‌లో ఒక స్నేహితుడి కోపాన్ని అంత శుభ్రంగా రాసింది ఇంకోటి లేదు. అప్పుడు టోనీయే థోర్ వాళ్ళ లోకం ఆస్గార్డ్‌ని వేరే దేశపు ఎంబసీలా చూస్తాం అని దారి వెతుకుతాడు, థోర్ ఒప్పుకుంటాడు. అంత కోపంలో కూడా ఇద్దరూ ఒక మాటకి రాగలిగారు, స్టీవ్‌తో టోనీకి అది కుదరలేదు. ముగ్గురిలో ఒక్కొక్కరూ మిగతా ఇద్దరి మధ్య గొడవ ఎంతవరకు పోవాలో నిర్ణయిస్తారు, అందుకే నా ఓటు మార్వెల్‌కి.

చిన్నమ్మి_రీడ్స్:

ఇద్దరూ ఎక్స్‌మెన్‌ని మర్చిపోయారు! సైక్లాప్స్, స్టార్మ్, వూల్వరిన్. అక్కడ అసలు తగువు నాయకత్వం గురించి, అది నాకు దేవుళ్ళ గొడవల కన్నా నిజంగా అనిపిస్తుంది. 1986 అన్‌కానీ ఎక్స్‌మెన్ 201లో స్టార్మ్‌కి శక్తులు లేవు, మామూలు మనిషి. సైక్లాప్స్‌కి అప్పుడే కొడుకు పుట్టాడు, ఇంట్లో భార్య ఎదురుచూస్తోంది, అయినా టీంని వదల్లేకపోతున్నాడు. ఎవరు నడిపించాలో తేల్చుకోవడానికి డేంజర్ రూంలోకి (ఎక్స్‌మెన్ శిక్షణ గది) దిగుతారు. ఆమె అతని వైజర్, అంటే కంటి కిరణాల్ని అదుపు చేసే కవచం, లాగేసుకుని గెలుస్తుంది. బలం ఉన్నవాడికే పగ్గాలు అనే లెక్క ఆ ఒక్క సంచికలో పోయింది. 2011 స్కిజంలో సైక్లాప్స్, వూల్వరిన్ విడిపోయింది కూడా ఇలాంటి ప్రశ్న మీదే, పద్నాలుగేళ్ళ పిల్లని చంపే పనిలోకి దించవచ్చా అని. నేను వూల్వరిన్ పక్షం, ఎన్నిసార్లు చదివినా మారలేదు.

రాత్రిబండి:

అందరికీ థాంక్స్, అనుకున్నదానికన్నా చాలా వచ్చింది. సివిల్ వార్‌లో థోర్ లేకపోవడాన్ని నేను అసలు అలా చూడలేదు. మరి డీసీలో వండర్ ఉమన్‌ని తీసేస్తే? 1954 నుంచి వరల్డ్స్ ఫైనెస్ట్ అనే పుస్తకం సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఇద్దరితోనే ఏళ్ళ తరబడి నడిచింది కదా.

పాతపేజీలు:

నడిచింది, కాదనను. 1987లో ఆమె కథని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టినప్పుడు లీగ్ వ్యవస్థాపకుల్లోంచి కూడా తీసేశారు, ఆ స్థానంలో బ్లాక్ కెనరీ అనే ఇంకో హీరోయిన్ వచ్చింది. ఆ ఏళ్ళలో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ మధ్య మంచి కథలు లేవనుకోకండి. 1990లో విలన్ లూథర్ చేతికి ఉండిన, సూపర్‌మ్యాన్‌ని బలహీనపరిచే క్రిప్టోనైట్ రాయి ఉంగరాన్ని సూపర్‌మ్యాన్ తెచ్చి బ్యాట్‌మ్యాన్ చేతిలో పెట్టాడు, నేను ఎప్పుడైనా దారి తప్పితే నన్ను ఆపాల్సింది నువ్వే అని. నమ్మకం అంటే అది.

కానీ ఆ ఏర్పాటు సరిపోని రోజు 2005లో వచ్చింది. మనసుల్ని ఆడించగల మాక్స్‌వెల్ లార్డ్ అనే విలన్ సూపర్‌మ్యాన్ మనసుని పూర్తిగా తన అదుపులోకి తీసుకున్నాడు, సూపర్‌మ్యాన్ బ్యాట్‌మ్యాన్‌ని చావగొట్టాడు, ఉంగరం ఎందుకూ పనికిరాలేదు. వండర్ ఉమన్ లార్డ్‌ని తన సత్యపాశంతో కట్టి, దీన్ని ఎలా ఆపాలి అని అడిగింది. పాశం పట్టుకుంటే అబద్ధం చెప్పలేరు, నన్ను చంపు అన్నాడు. మెడ విరిచేసింది. ఆ ఇద్దరికీ చంపకూడదనేది ప్రాణం కన్నా పెద్ద నియమం, కాబట్టి వాళ్ళు ఆ పని చేసేవాళ్ళు కాదు, ఆ రోజు సూపర్‌మ్యాన్ బయటపడేవాడూ కాదు. బ్రదర్ ఐ అనే నిఘా ఉపగ్రహం ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా చూపించింది. ఇన్ఫినిట్ క్రైసిస్ మొదటి సంచికలో చంద్రుడి మీద శిథిలమైన వాచ్‌టవర్‌లో (లీగ్ స్థావరం) ముగ్గురూ నిలబడి తిట్టుకుంటారు, నువ్వు జనానికి నిజంగా స్ఫూర్తినిచ్చింది చచ్చిపోయినప్పుడే అని బ్యాట్‌మ్యాన్, అంతకుముందు ఒక కథలో చచ్చి తిరిగొచ్చిన సూపర్‌మ్యాన్ ముఖం మీదే అంటాడు. ఆమె చేసింది ఒప్పా తప్పా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు, కానీ ఆమె లేకుండా ఆ ప్రశ్నే ఉండేది కాదు, వాళ్ళిద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ ఉండేవాళ్ళు.

కృష్ణకెనాల్:

ఈ లెక్కన లార్డ్ కథకి నేను తలవంచుతున్నా, ఓటు మాత్రం మార్చను. రాత్రిబండి బ్రో, సివిల్ వార్ చదివేసి ఆగిపోవద్దు. 2010లో అవెంజర్స్ ప్రైమ్ అని ఐదే సంచికలు వచ్చాయి, బెండిస్ రాశాడు, అలన్ డేవిస్ బొమ్మలు. కూలిపోయిన ఆస్గార్డ్‌లో ముగ్గురూ మళ్ళీ కలుస్తారు, కలిసీ కలవగానే టోనీ, స్టీవ్ పాత గొడవ ఎత్తుకుంటారు. ముందు న్యూ ఆర్లీన్స్ సంచిక, దాని తర్వాత ఇది, ఆ వరసలోనే చదువు.