మొదటి రోడ్ బైక్, టార్గెట్ 200 బ్రెవే: తేలికైన కార్బనా, లావు టైర్ల అల్యూమినియమా?

కొత్త_పెడల్:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, ఇది సైకిల్ సంగతి. ఇంట్లో "రోడ్ బైక్ కొంటున్నా" అంటే మైలేజ్ ఎంతిస్తుంది అని అడిగారు.

మూడేళ్ళుగా ఫ్లాట్ హ్యాండిల్ హైబ్రిడ్ తొక్కుతున్నా. వారంలో రెండుసార్లు 40, ఆదివారం 80, ఒకే ఒక్కసారి 120 కొట్టా. ఆ 120 లో చివరి 30 కి.మీ. ఎదురుగాలి, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకునే చోటు ఒక్కటే కదా, మణికట్లు ఊడి చేతికొస్తాయేమో అనిపించింది. ఇప్పుడు బ్రెవేలు (ఇచ్చిన టైం లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు) మొదలెట్టాలని ఉంది. ముందు 200 కి.మీ., కుదిరితే అదే సీజన్లో 300, 400, 600 కూడా చేసి ఎస్ఆర్ (సూపర్ రాండనర్) అనిపించుకోవాలని ఆశ (నవ్వకండి).

బడ్జెట్ మధ్యరకం, ఎలక్ట్రానిక్ గేర్ల దాకా పోలేను. వెతికి వెతికి రెండిటి దగ్గర ఆగా, రెండూ దాదాపు ఒకటే రేటు, రెండిటికీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులే.

మొదటిది ఫుల్ కార్బన్, పోయినేడాది మోడల్ కాబట్టి తగ్గించి ఇస్తున్నారు. షిమానో 105 రకం గేర్లు, 11 స్పీడ్, ముందు చక్రాలకి 52/36 పళ్ళు, వెనక 11-30. బరువు 8.4 కిలోలు. టైర్ 28 మి.మీ. కంటే లావుది పట్టదు.

రెండోది అల్యూమినియం ఫ్రేమ్, ఫోర్క్ మాత్రం కార్బన్. గేర్లు అదే కంపెనీ టియాగ్రా, 10 స్పీడ్, ముందు 50/34, వెనక 11-34. 32 టైర్లతో వస్తోంది, 38 దాకా పడుతుందట, మడ్‌గార్డులకి బోల్టు కన్నాలున్నాయి. బరువు 9.8.

నా సైజులో మొదటిది స్టాక్ 563, రీచ్ 391. రెండోది స్టాక్ 591, రీచ్ 377. ఈ నంబర్లు చార్ట్ చూసి దించా గానీ వీటితో ఏం చేయాలో తెలీదు. నా బరువు 74. మనసంతా కార్బన్ మీదే ఉంది, నిజం చెప్పాలంటే మీ చేత "కొనెయ్" అనిపించుకుందామనే వచ్చా.

రాత్రి_దీపం:

నేనైతే అనను గానీ కూర్చో తమ్ముడూ, కొంచెం పెద్దగానే రాస్తా.

నువ్వు తెలీదన్న ఆ నాలుగు నంబర్లే అసలు కథ. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేములో హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) పైఅంచు దాకా నిలువు ఎత్తు స్టాక్, అదే రెండు చోట్ల మధ్య అడ్డం దూరం రీచ్. స్టాక్‌ని రీచ్‌తో భాగించు. మొదటిది 1.44, రెండోది 1.57. మోటు లెక్కలో 1.5 దాటితే దూరాలకి కట్టిన బండి, 1.45 కి అటూ ఇటూ ఉంటే రేసుకి కట్టిన బండి. రెండోదాంట్లో హ్యాండిల్ దాదాపు 3 సెంటీమీటర్లు పైకి, ఒకటిన్నర సెంటీమీటరు నీ వైపుకి వస్తుంది. ఓస్ ఇంతేనా అనుకుంటావ్. షాపు ముందు రెండు రౌండ్లు కొడితే ఆ తేడా తెలీదు, పైగా వంగి తొక్కే బండే రయ్యిమని పోతున్నట్టు ఉంటుంది. కానీ 200 కి ఇచ్చే టైం 13న్నర గంటలు, 300 కి 20, 400 కి 27, 600 కి 40. పదో గంటలో నీ నడుం, మెడ ఎలా ఉంటాయో ఊహించుకుని కొను.

నా మొదటి బండి రేస్ జామెట్రీదే. 200 లో మెడ పట్టేసింది, అలవాటైపోతుందిలే అనుకున్నా. 400 లో రాత్రి రెండు దాటాక ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరం వేల్లో సగం మొద్దుబారిపోయాయి. ముందు పళ్ళచక్రం (చైన్‌రింగ్) పెద్దదానికి మార్చాలంటే ఎడమ లివర్‌ని లోపలికి నెట్టాలి కదా, వేళ్ళలో బలం లేదు, కుడిచెయ్యి అటు చాపి అరచేత్తో నెట్టా, అదీ చీకట్లో, దిగుడులో. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. టైంలోనే ఫినిష్ చేశా, ఫోటో దిగా, ఇంటికొచ్చి చూస్తే తలుపు తాళం తిప్పలేకపోతున్నా. చొక్కా గుండీలు పెట్టుకోడానికి మూడు వారాలు తిప్పలు పడ్డా. అరచేతి అంచు వెంట అల్నార్ నరం అని ఒకటి పోతుంది, ఒంటి బరువు చేతుల మీద వాలి గంటల తరబడి అది నలిగితే అంతే.

ఇక టైర్. నీ బరువుకి 32 లో 60 పీఎస్ఐ లోపే గాలి పెట్టుకోవచ్చు, అదే 25 అయితే 85, 90 కొట్టాల్సొచ్చేది. గట్టిగా కొడితేనే స్పీడు అనేది పాత నమ్మకం, గరుకు రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ నీ ఒంట్లో శక్తినే తినేస్తుంది. మడ్‌గార్డు కన్నాల్ని చిన్నచూపు చూడకు. పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891 లో రేసుగా మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరిగే రైడ్, 1200 కి 90 గంటలు ఇస్తారు, మళ్ళీ 2027 లో ఉంది. దాని ఫోటోలు చూడు, ఎన్ని బళ్ళకి మడ్‌గార్డులు, డైనమో లైట్లు ఉంటాయో.

ఎగువదారి:

అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. వేళ్ళు మొద్దుబారితే ముందు ఫిట్టింగ్‌ని తిట్టాలి, బండిని తర్వాత. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) పొట్టిది వేసి, దాని కింద ఎత్తు పెంచే రింగులు, అంటే స్పేసర్లు, ఒకట్రెండు ఉంచి, సీటు ముక్కు కిందికి వాలి ఉంటే దాన్ని సమానం చేస్తే చేతుల మీద భారం చాలావరకు దిగిపోతుంది. నేను రేస్ ఫ్రేమ్ మీదే 600 రెండుసార్లు చేశా. కాకపోతే మోకాళ్ళు వంచకుండా వంగితే నా అరచేతులు నేలకి ఆనతాయి, నీకు ఆనకపోతే ఈ పేరా వదిలెయ్ బ్రో.

అయినా సరే ఆ మొదటిది కొనొద్దనే అంటా. ఎందుకంటే గేర్లు. చక్రం ఒక్కసారి తిరిగితే బండి 2.15 మీటర్లు పోతుంది. ముందు 34 వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 7.7 కి.మీ. మీద ఎక్కుతుంటావ్. అదే స్పీడులో 36 ముందు, 30 వెనక వేసుకుని ఎక్కితే నిమిషానికి 50 చుట్లే వస్తాయి, అంటే ప్రతి తొక్కుకీ ఐదో వంతు ఎక్కువ బలం పెట్టాలి. ఫ్రెష్‌గా ఉన్నప్పుడు అదేం లెక్కలోది కాదు. 170 దాటాక వచ్చే చిన్న మెరక కూడా కొండలా కనిపిస్తుంది చూడు, మోకాళ్ళు పోయేది అక్కడే.

బరువు గురించి మరీ కలలు కనకు. నువ్వు, బండి, నీళ్ళు, టూల్స్, లైట్లు కలిపి 86 కిలోలు వేసుకో. తేడా 1.4 కిలోలు, అంటే 1.6 శాతం. గంటసేపు ఎక్కే ఘాట్‌లో నిమిషం కూడా కలిసిరాదు. ముప్పావు లీటర్ బాటిళ్ళు రెండు నింపితేనే కిలోన్నర. 105 నుంచి టియాగ్రాకి దిగితే వెనక ఒక పళ్ళచక్రం తగ్గి గేర్ల మధ్య ఎడం కాస్త పెరుగుతుంది, గుంపులో స్పీడుగా పోయేవాళ్ళకి అది చిరాకు, ఒంటరిగా తొక్కేవాడికి నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇంకా వెతికే ఓపిక ఉంటే పేర్లు గుర్తుపెట్టుకో. డొమానే, డీఫై, సినాప్స్, ఎండ్యూరేస్, రూబే దూరాల బళ్ళు. ఎమోండా, టీసీఆర్, సూపర్‌సిక్స్, టార్మాక్ రేసు బళ్ళు. పేర్లు కలిపేసి చూస్తే బుర్ర తిరుగుతుంది.

చిన్న_ఫ్రేమ్:

ఇద్దరు అన్నలూ స్టాక్, గేర్లు అని యుద్ధం చేస్తున్నారు గానీ సీటు ఊసే లేదు. మెత్తటి జెల్ సీటు వేయించుకుంటే సరి అనుకోకు తమ్ముడూ, గంట దాకా పరుపులా ఉండి ఆ తర్వాత దిగబడి అన్నిచోట్లా ఒత్తుకుంటుంది. అట్టముక్క ఒకటి గట్టి బల్ల మీద వేసి దాని మీద కాసేపు కూర్చో, లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి, వాటి నడిమధ్యల దూరం కొలువు. ఆ రెండు ఎముకలూ సీటు వెనక భాగం మీద పూర్తిగా ఆనాలి, అంచు మీదకి వస్తే సీటు సన్నం అన్నట్టు. నాకు మూడో సీటు కుదిరింది, మొదటి రెండూ అటక మీద ఉన్నాయి.

ఇంకోటి, నాలా పొట్టివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, చిన్న సైజుల్లో హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు ముందు చక్రానికి తగులుతుందో లేదో చూసుకోండి. మడ్‌గార్డు వేశాక ఇంకా దగ్గరవుతుంది. స్లోగా యూటర్న్ కొడుతూ అందరి ముందూ పడ్డా నేను.

కొత్త_పెడల్:

వామ్మో, ఒక్క రోజులో ఇంత జ్ఞానం. అట్టముక్క ప్రయోగం చేశా, ఇంట్లో మైలేజ్ అడిగినవాళ్ళే మళ్ళీ వచ్చి వింతగా చూసి వెళ్ళారు.

షాపులో బతిమాలితే ఒక్కో బండికి ముప్పావుగంట ఇచ్చారు. నిజం చెప్తున్నా, మొదటి పది నిమిషాలు కార్బన్‌దే, పెడల్ మీద కాలేస్తే చాలు దూసుకుపోతోంది. తర్వాత కావాలని పైపు కోసం తవ్వి కంకర పూడ్చిన సందులోకి తీసుకెళ్ళా. హ్యాండిల్ గిలక్కాయలా ఆడింది, బాటిల్ ఎగిరి రోడ్డు మీద పడి దొర్లింది. రెండోదాని మీద అదే సందు డబ్ డబ్ అనుకుంటూ పోయింది అంతే. వంగితే నా వేళ్ళు పాదాల దాకా కూడా రావట్లేదు కాబట్టి ఎగువదారి బ్రో పేరా వదిలేశా.

రెండోదే ఖాయం అనుకుంటున్నా. డబ్బు కట్టేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

గ్రీజు_చేతులు:

నేను రిపేర్లు చేసేవాణ్ణి, రెండు మూడు సంగతులు చెప్పి పోతా. పెడల్ కడ్డీల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ మరలతో బిగించేదా, నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ ఫిట్టా అని అడగండి. మరలదైతే హాయి, మట్టి చేరి కిర్రుకిర్రుమంటే విప్పి తుడిచి గ్రీజు పెట్టి బిగిస్తే పని అయిపోతుంది. ప్రెస్ ఫిట్ అన్నీ చెడ్డవి కాదు గానీ ఆ కిర్రు పట్టుకోడానికి నేను గడిపిన సాయంత్రాలు నాకే తెలుసు.

తర్వాత కేబుళ్ళు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లోపల్నుంచి పోయే డిజైన్ అయితే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ పై బేరింగ్ ఒకటి మార్చాలన్నా చాలావాటికి బ్రేక్ పైపు విప్పి, ఆయిల్ మళ్ళీ నింపి, గాలి బుడగలు తీయాలి. వానల్లో తొక్కే బండికి అది తలనొప్పి. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి తగిలించే చిన్న ముక్క, హ్యాంగర్, స్పేర్ ఒకటి బండితో పాటే కొనండి. బండి కుడివైపు పడిందంటే ముందు వంగేది అదే, ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, అర్ధరాత్రి ఎవరి దగ్గరా దొరకదు. చైన్ 0.75 శాతం సాగిందంటే మార్చెయ్యండి, 10 స్పీడ్‌కి ఆ కొలత చాలు, ఆలస్యం చేస్తే పళ్ళచక్రాలు కూడా అరిగిపోతాయి.

కొత్త_పెడల్:

థాంక్స్ అన్నా, అడిగా, మరలదే. కేబుళ్ళు కూడా హెడ్‌సెట్‌లోంచి కాదు, డౌన్ ట్యూబ్ (ఫ్రేము కింది గొట్టం) లోంచే పోతున్నాయి. బండి ఇవాళే ఇంటికొచ్చింది!

కానీ ఒక్కళ్ళు కూడా చెప్పలేదు ఇలాంటి బళ్ళకి పెడల్స్ రావని. పెట్టె విప్పి అంతా వెతికా, ఎక్కడో పడేశారనుకుని షాపుకి ఫోన్ చేస్తే నవ్వారు. సరే పాత సైకిల్‌వి పీకి పెడదామని కూర్చున్నా, కుడిది వచ్చేసింది, ఎడమది అరగంట కుస్తీ పట్టినా కదల్లేదు, స్పానర్ జారి వేలు కూడా చెక్కుకుపోయింది.

గ్రీజు_చేతులు:

ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుందండి. అరగంటసేపు దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు పొడుగు స్పానర్ వేసి, స్పానర్‌ని చక్రం వెనక్కి తిరిగే వైపు నెట్టండి, ఊడొస్తుంది. కొత్తదానికి పెట్టేటప్పుడు మరలకి గ్రీజు రాయడం మర్చిపోకండి.

కొత్త_పెడల్:

వచ్చేసింది!! రేపు పొద్దున ఐదింటికి 40 కి.మీ., సీటు ఎత్తు చూసుకోడానికి మాత్రమే.